పరపతి నుంచి పరపతి సంఘానికి: విశాఖపట్నంలో పట్టణ సహకార ఋణవ్యవస్థ చరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు పలుకుబడి అనే అర్థమూ, అప్పు పుట్టే యోగ్యత అనే అర్థమూ ఉన్నాయి. ఈ రెండర్థాల మధ్య జరిగిన ప్రయాణంగా పట్టణ సహకార ఋణవ్యవస్థ చరిత్రను చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1916లో స్థాపితమై నేడు ద్వారకానగర్ కేంద్రంగా పనిచేస్తున్న విశాఖపట్నం సహకార బ్యాంకును ప్రధాన నిదర్శనంగా తీసుకుని, సహకార చట్టాల క్రమాన్ని, జీతగాళ్ళ నగరంగా విశాఖ ఎదిగిన తీరును, జామీను, వాయిదా, పొదుపు అనే మూడు ఆచారాల లోగుట్టును పరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పరపతి, సహకారం, జామీను, పొదుపు, విశాఖపట్నం, ద్వారకానగర్, అల్పజీవి.

1. ఉపోద్ఘాతం

‘ఊళ్ళో ఆయనకు పరపతి ఉంది’ అన్నప్పుడు ఆయన మాట చెల్లుతుందని అర్థం. ‘పరపతి సంఘం’ అన్నప్పుడు అప్పు ఇచ్చే సంఘమని అర్థం. మొదటి ప్రయోగంలో పరపతి ఒక మనిషి సొత్తు. దాన్ని అతడు పుట్టుకతోనో, ఆస్తితోనో, అధికారంతోనో సంపాదించుకుంటాడు. రెండవ ప్రయోగంలో అది పదిమంది కలిసి కూడబెట్టుకున్న ఉమ్మడి సొత్తు. ఇంగ్లీషులో ‘క్రెడిట్’ అనే మాటకు మూలం నమ్మడమనే అర్థం గల లాటిన్ ధాతువు. తెలుగు మాట నమ్మకం దగ్గర ఆగకుండా, ఆ నమ్మకం ఎవరికి దక్కుతుందనే సామాజిక ప్రశ్నను కూడా తనలో దాచుకుంది. పలుకుబడి లేనివాడికి అప్పు పుట్టదు. పుట్టినా అది ఎక్కువ వడ్డీకే పుడుతుంది.

సహకార ఋణ సంఘాల చరిత్రను సాధారణంగా చట్టాల పట్టికగానో, ఆర్థిక గణాంకాలుగానో రాస్తారు. ఆ పద్ధతిలో ఒక ముఖ్యాంశం జారిపోతుంది. పలుకుబడి లేని చిరుద్యోగికి, గుమాస్తాకు, కార్మికుడికి పరపతి కల్పించడమే ఈ సంఘాలు తలపెట్టిన పని. అది ఏ మేరకు సాధ్యమైంది, ఏ వెలకు సాధ్యమైంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. అప్పు చుట్టూ అల్లుకున్న భాష

సంఘాలు రాకముందే తెలుగువారి నిత్యజీవితంలో అప్పుకు విస్తృతమైన పదజాలం ఉంది. వడ్డీ లేకుండా, కాగితం లేకుండా, నాలుగు రోజుల్లో తిరిగి ఇచ్చే మాట మీద తీసుకునేది చేబదులు. వస్తువు పెట్టి తెచ్చుకునేది తాకట్టు లేదా కుదువ. సంతకం మీద తెచ్చేది ప్రోనోటు అప్పు. అసలు మీద మాత్రమే లెక్కకట్టేది బారువడ్డీ, వడ్డీ మీద కూడా వడ్డీ పెరిగేది చక్రవడ్డీ. ఈ మాటలన్నీ మనుషుల మధ్య దూరాన్ని కొలిచే మాటలే. చేబదులు నుంచి ప్రోనోటుకు వెళ్ళేకొద్దీ ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఎడం పెరుగుతుంది.

అప్పు పట్ల తెలుగు సమాజపు వైఖరి కూడా ఏకరూపంగా లేదు. ‘అప్పు చేసి పప్పుకూడు’ అనేది ఎత్తిపొడుపు. ‘ఋణానుబంధం’ మాత్రం ఆత్మీయమైన మాట. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అంటూ మనిషి పుట్టుకనే ఋణంగా చెప్పిన సంప్రదాయం మనది. కుబేరుని వద్ద అప్పు చేసిన దైవాన్ని ‘వడ్డికాసులవాడు’ అని ప్రేమగా పిలుచుకున్న జాతి మనది. కాబట్టి అప్పు పాపమన్న భావన కన్నా, తీర్చవలసిన బంధమన్న భావనే ఇక్కడ బలమైనది. సహకార సంఘం నిలదొక్కుకోవడానికి ఈ భావన తోడ్పడింది.

ఉత్తరాంధ్ర పట్టణజీవితంలో అప్పు స్థానానికి తొలి సాహిత్య సాక్ష్యాల్లో ఒకటి ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో మార్పులతో వెలువడిన ఆ నాటకం ఆరంభంలోనే గిరీశానికి ఊళ్ళో అప్పుల బాధ మొదలై ఉంటుంది. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడేసుకుని, ఆమె కంటపడకుండా తప్పించుకు తిరిగే స్థితి అతనిది. ఈ సన్నివేశంలోని హాస్యం వెనుక ఒక ఆర్థిక వాస్తవం ఉంది. మాటకారితనమే గిరీశానికి పరపతి. కష్టపడి కూడబెట్టిన పూటకూళ్ళమ్మకు మాత్రం తన సొమ్మును దాచుకోవడానికి గాని, రాబట్టుకోవడానికి గాని సంస్థ అంటూ లేదు.

3. నికల్సన్ నివేదిక నుంచి 1916 దాకా

అటువంటి సంస్థ కోసం అన్వేషణ మద్రాసు రాజధానిలోనే మొదలైంది. ప్రభుత్వం నియమించగా సివిలియన్ ఉద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని ఋణ సంఘాలను అధ్యయనం చేసి, 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక సమర్పించారు. జర్మనీలో రైతుల కోసం రైఫైజెన్, పట్టణాల్లోని చేతివృత్తులవారి కోసం షుల్జ్-డెలిచ్ నెలకొల్పిన రెండు నమూనాలు ఆయన ముందున్నాయి. మొదటిదానికి ఆధారం గ్రామంలో అందరికీ అందరూ తెలిసి ఉండటం, సభ్యులందరిదీ అపరిమిత బాధ్యత. రెండవదానికి ఆధారం వాటాధనం, క్రమబద్ధమైన లెక్కలు.

1904లో వచ్చిన సహకార ఋణ సంఘాల చట్టం ఈ తేడాను అలాగే స్వీకరించింది. పద్దెనిమిదేళ్ళు నిండిన పదిమంది కలిస్తే సంఘం నమోదు చేయించుకోవచ్చు. గ్రామ సంఘానికి అపరిమిత బాధ్యత నియమం కాగా, పట్టణ సంఘానికి ఎంపిక స్వేచ్ఛ ఇచ్చారు. ఆ ఏడాదే కాంచీపురంలో పట్టణ ఋణ సంఘం నమోదయింది. ఋణేతర సంఘాలకూ, సంఘాల సమాఖ్యలకూ 1912 చట్టం దారి చూపింది. 1914-15లో మెక్లగన్ కమిటీ పట్టణ బ్యాంకుల ప్రాముఖ్యాన్ని గుర్తించింది.

ఈ ఉద్యమం ఒకవైపు ప్రయాణం మాత్రమే కాదు. 1907లో అమెరికన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫిలీన్ భారతదేశంలో పర్యటించి, బెంగాల్‌లోని సహకార సంఘాల పనితీరును చూశాడు. 1909లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ‘క్రెడిట్ యూనియన్’ చట్టం రావడానికి కృషి చేసినవారిలో ఆయన ఒకడు. కెనడాలో 1900లో దెజార్దిన్ నెలకొల్పిన ప్రజాపొదుపు సంస్థ ఆ చట్టానికి మరొక ప్రేరణ. అందువల్ల అమెరికాలో ‘క్రెడిట్ యూనియన్’ అనే సంస్థకూ, మన ‘పరపతి సంఘానికీ’ ఉన్న పోలిక యాదృచ్ఛికం కాదు. రెండూ ఒకే వృక్షపు శాఖలు.

ఈ నేపథ్యంలో 1916లో విశాఖపట్నం సహకార బ్యాంకు ఏర్పడింది. ఆనాటి పట్టణాన్ని గుర్తుచేసుకోవాలి. 1901 జనగణన నాటికి విశాఖపట్నం జనాభా నలభై వేలకు కొంచెం ఎక్కువ. ఆధునిక ఓడరేవు లేదు, అది 1933లో ప్రారంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో స్థాపితమైంది. నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో శంకుస్థాపన జరిగింది. అంటే నేడు విశాఖకు గుర్తింపు తెచ్చిన సంస్థలన్నిటికంటె ఈ పరపతి సంస్థ పెద్దది. కచేరీలు, బడులు, అంగళ్ళు ఉన్న ఒక జిల్లా కేంద్రంలో, ముఖపరిచయం ఇంకా ఆర్థిక సమాచారంగా పనిచేసే రోజుల్లో ఇది పుట్టింది.

4. జీతగాళ్ళ నగరం

1933 తరువాత విశాఖ స్వరూపం మారిపోయింది. రేవు, నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1966లో భారీ పాత్రల పరిశ్రమ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమ ఫలితంగా 1970లో ప్రకటించిన ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ సంస్థలన్నీ ఒక కొత్త మనిషిని సృష్టించాయి. అతని ఆదాయం పంటతో కాక తారీఖుతో ముడిపడింది. ఒకటో తారీఖున జీతం చేతికందుతుంది, మూడో వారానికి చేతులు ఖాళీ అవుతాయి. స్వగ్రామానికి దూరమైన ఈ మనిషికి చేబదులు ఇచ్చే ఇరుగుపొరుగు లేదు, తాకట్టు పెట్టడానికి భూమి లేదు.

ఈ మనిషి ఆంతర్యాన్ని విశాఖ రచయిత, న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ నవలలో చిత్రించారు. అందులో సుబ్బయ్య చిరుద్యోగి. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర చేసిన అప్పు అతని మనశ్శాంతిని తినేస్తుంది. ఆ భయం కేవలం సొమ్ము తీర్చలేనేమోనన్న భయం కాదు. ఉద్యోగికి అప్పిచ్చిన కాంట్రాక్టరు వడ్డీ కన్నా విలువైనది అడగగలడు. పలుకుబడి గలవాడి దగ్గర అప్పు చేయడమంటే అతని పలుకుబడికి లోబడటమే. ‘పరపతి’లోని రెండర్థాలు ఇంత బాధాకరంగా కలుసుకున్న సందర్భం మన కథాసాహిత్యంలో అరుదు.

ఉద్యోగుల పరపతి సంఘం ప్రయోజనాన్ని ఈ నవల వెలుగులో చూస్తే దాని నైతిక పార్శ్వం స్పష్టమవుతుంది. సుబ్బయ్యకు తన తోటివారి సంఘంలో సభ్యత్వం ఉండి ఉంటే గవరయ్య గుమ్మం ఎక్కవలసిన అవసరం ఉండేది కాదు. సంఘం తక్కువ వడ్డీకి సొమ్ము ఇవ్వడంతో ఆగదు, అప్పును అధికారం నుంచి విడదీస్తుంది. సభ్యుడికి దక్కే అసలు లాభం అదే.

5. జామీను, వాయిదా, పొదుపు: మూడు ఆచారాలు

ఆస్తి లేనివాడికి అప్పు ఇచ్చి తిరిగి రాబట్టడం ఎలా అన్న చిక్కుకు పరపతి సంఘాలు మూడు ఆచారాలతో సమాధానం చెప్పాయి.

మొదటిది జామీను. ఆస్తికి బదులు తోటి సభ్యుల సంతకం హామీగా నిలుస్తుంది. పల్లెలో అందరికీ అందరూ తెలిసి ఉండటమనే గుణాన్ని పట్టణంలోకి తెచ్చే ఉపాయమిది. అయితే దీని బరువు తక్కువది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు చేసినవాడి బాధ్యతతో సమానం. ‘సంతకమే కదా’ అనుకుని మొహమాటానికి పెట్టిన సంతకం ఒక కుటుంబపు జీతాన్ని ఏళ్ళ తరబడి కోయగలదు. అందుకే అనుభవజ్ఞులైన సభ్యులు కొత్తవారికి చెప్పే తొలి హితవు ఇదే: అప్పు ఎంతో, వాయిదాలెన్నో, ఇప్పటికే ఉన్న బాకీలెన్నో తెలుసుకున్నాకే జామీను పడాలి, తానే తీర్చగలిగినంత మొత్తానికి మాత్రమే పడాలి. పరస్పర విశ్వాసాన్ని కాపాడేది మొహమాటం కాదు, ఈ జాగ్రత్తే.

రెండవది వాయిదా. 1936 వేతనాల చెల్లింపు చట్టం సహకార సంఘానికి చెల్లించవలసిన సొమ్మును వేతనం నుంచి కోయడాన్ని అనుమతించిన కోతల్లో చేర్చింది. సొమ్ము చేతికి రాకముందే వాయిదా చెల్లిపోతుంది. దీని ప్రభావం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పదివేల రూపాయలను ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చి, నెలనెలా వడ్డీ మాత్రమే కడుతూ పోతే, ఏడాదికి 2,400 రూపాయలు చెల్లించినా అసలు పదివేలూ అలాగే ఉంటుంది. అదే సొమ్మును ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున సంఘంలో తీసుకుని, పన్నెండు సమాన భాగాలుగా అసలు తీరుస్తూ, మిగిలిన బాకీ మీదనే వడ్డీ కడితే మొత్తం వడ్డీ 650 రూపాయలు. ఏడాది చివరికి బాకీ సున్న. ఈ రెంటికీ తేడా వడ్డీరేటులో మాత్రమే లేదు, అసలు తరిగే పద్ధతిలో ఉంది. సంఘంలోనే నూటికి ఇరవై నాలుగు వడ్డీ పడినా, ఇదే పద్ధతిలో చెల్లించేది 1,300 దాటదు. ‘వడ్డీ ఎంత?’ అని అడగడంతో సరిపెట్టకుండా ‘ఏ మొత్తం మీద వడ్డీ?’ అని అడగడం నేర్పిన బడి పరపతి సంఘమే.

మూడవది పొదుపు. తొలినాటి పట్టణ సంఘాల్లో ప్రాధాన్యం వాటాధనానిది. ‘పొదుపు, పరపతి’ అనే జంటపదంలో పొదుపు ముందుకు రావడం వెనుక తెలుగునేల మీద జరిగిన మరో చరిత్ర ఉంది. 1990 నుంచి వరంగల్లు ప్రాంతంలో సహకార వికాస సంస్థ ప్రోత్సాహంతో పొదుపు సహకార సంఘాలు వెలిశాయి. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమం తరువాత 1993లో ‘పొదుపులక్ష్మి’ పేరుతో మహిళలు రోజుకో రూపాయి కూడబెట్టారు. ముందు దాచడం, దాచిన అలవాటే యోగ్యతగా అప్పు పొందడం అనే క్రమాన్ని వీరు స్థిరపరిచారు. పోపులపెట్టెలో రహస్యంగా దాగిన గృహిణి పొదుపు, సంఘం పుస్తకంలో ఆమె పేరున నమోదైన పొదుపుగా మారింది. పూటకూళ్ళమ్మకు లేని రక్షణ నూరేళ్ళ తరువాత ఈ పుస్తకం రూపంలో వచ్చింది.

6. నమ్మకానికి పరీక్షలు

పరిచయం మీద నిలిచిన సంస్థ పెరిగేకొద్దీ పరిచయం పలచబడుతుంది. అప్పుడు నమ్మకానికి కాపలా ఎవరన్నది ప్రశ్న. దీనికి కాలానుగుణంగా భిన్నమైన సమాధానాలు వచ్చాయి. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ప్రభుత్వానికి విస్తృతాధికారాలు ఇచ్చింది. 1966 మార్చి 1 నుంచి సహకార బ్యాంకులు రిజర్వు బ్యాంకు పరిధిలోకి కూడా వచ్చాయి. ఇలా రెండు యజమాన్యాల కింద పనిచేయవలసిన స్థితి ఏర్పడింది. ఎన్నికైన పాలకవర్గాలను తొలగించి అధికారులను నియమించే ధోరణికి ప్రతిక్రియగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల నియంత్రణలో నడిచే సంఘాలకు అది అవకాశమిచ్చింది. ఈ విషయంలో దేశానికే దారి చూపినది తెలుగు రాష్ట్రం.

స్వేచ్ఛ ఉన్నచోట దుర్వినియోగానికీ చోటుందని 2001 నిరూపించింది. గుజరాత్‌లో మాధవ్‌పురా మర్కంటైల్ సహకార బ్యాంకు, హైదరాబాదులో కృషి సహకార అర్బన్ బ్యాంకు ఆ ఏడాదే కూలాయి. కొద్దిమంది నిర్వాహకుల చేతుల్లో వేలమంది పొదుపు చిక్కినప్పుడు, పరపతి మళ్ళీ పాత అర్థానికి, అంటే పలుకుబడి గలవారి సొత్తుగా మారిపోతుందని ఆ సంఘటనలు చాటాయి. 2015లో విజయవాడలో బయటపడిన ‘కాల్ మనీ’ ఆగడాలు మరో సత్యం చెప్పాయి. సంస్థాగత పరపతి అందని చోట వడ్డీవ్యాపారి ఏనాడూ తప్పుకోలేదు.

2020లో రెండు మార్పులు వచ్చాయి. డిపాజిట్ బీమా పరిమితి 1993 నుంచి ఉన్న లక్ష రూపాయల నుంచి ఐదు లక్షలకు పెరిగింది. సహకార బ్యాంకుల యాజమాన్యంపై రిజర్వు బ్యాంకు అధికారాలు విస్తరించాయి. సామాన్య డిపాజిటుదారు దీని నుంచి గ్రహించవలసిన వ్యావహారిక సూత్రం ఒకటుంది. బీమా రక్షణ బ్యాంకు డిపాజిట్లకే గాని, బ్యాంకు కాని పరపతి సంఘంలో దాచిన సొమ్ముకు వర్తించదు. సంఘంలో దాచే సభ్యుడికి రక్షణ ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశమే. అక్కడ లెక్కలు అడగని సభ్యుడు తన బీమాను తానే వదులుకున్నట్లు.

7. ద్వారకానగర్: సభ్యుడా, ఖాతాదారుడా?

విశాఖ సహకార బ్యాంకు ప్రధాన కార్యాలయం ద్వారకానగర్‌లో ఉండటం ఈ చర్చకు తగిన నేపథ్యం. ఆర్టీసీ కాంప్లెక్సు చేరువలో ఉన్న ఈ పేటలో పౌర గ్రంథాలయం, శిక్షణకేంద్రాలు, ఆసుపత్రులు, అంగళ్ళు, బ్యాంకులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బస్సు దిగినవారు మొదట అడుగుపెట్టే పరిసరమిది. ఇక్కడ తిరిగేవారిలో అధికభాగం ఒకరికొకరు అపరిచితులు. 1916 నాటి ముఖపరిచయ పట్టణానికి ఇది పూర్తిగా విరుద్ధం.

ఇంతటి మార్పును తట్టుకుని ఈ సంస్థ 2016లో నూరేళ్ళు పూర్తి చేసుకుంది. వామపక్షోద్యమం నుంచి వచ్చిన మానం ఆంజనేయులు దీర్ఘకాలం దీనికి అధ్యక్షత వహించారు. ఇటీవలి దశలో బ్యాంకు విశాఖ దాటి ఇతర జిల్లాలకూ శాఖలు విస్తరించింది. ఈ విస్తరణ విజయమే. ఒక్క ఊరి ఆదాయవ్యయాల మీద ఆధారపడిన సంస్థ ఆ ఊరి పరిశ్రమలు కుదుటపడని ఏట నిలవడం కష్టం. అయితే శాఖలు పెరిగేకొద్దీ సభ్యుడు ఖాతాదారుడిగా మారే ప్రమాదం ఉంది. ఖాతాదారుడు వడ్డీరేటు అడుగుతాడు. సభ్యుడు లెక్కలు అడుగుతాడు, ఓటు వేస్తాడు. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒక్కటే ఓటు అనే సహకార సూత్రం, పలుకుబడిని సమానంగా పంచడానికి చేసిన ఏర్పాటు. ఆ ఓటు వాడనివాడికి సంఘానికీ ఇతర బ్యాంకుకూ తేడా కనిపించదు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, విశాఖలో పట్టణ సహకార పరపతి పారిశ్రామికీకరణ ఫలితంగా పుట్టినది కాదు. దానికంటె ముందే పుట్టి, జీతగాళ్ళ నగరానికి అవసరమైన ఆర్థిక సంస్కారాన్ని సిద్ధంగా ఉంచింది. రెండు, ఈ సంస్థల ప్రధాన ఫలితాన్ని వడ్డీ ఆదాలో మాత్రమే కొలవరాదు. అప్పును అధికారం నుంచి విడదీసి, చిరుద్యోగికి గవరయ్యల గుమ్మం తప్పించడం వాటి సామాజిక ఫలితం. మూడు, ఈ ఫలితం శాశ్వతం కాదు. సభ్యుల జాగరూకత సడలిన చోట ‘పరపతి’ తన పాత అర్థానికి తిరిగిపోతుంది.

భాషాసాహిత్య పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని ఉంది. సంఘాల ఉపనిబంధనలు, జామీను పత్రాలు, వార్షిక నివేదికలు, సర్వసభ్య సమావేశ తీర్మానాలు ఆర్థిక పత్రాలు మాత్రమే కావు. శాసనాల్లోని దానపత్రాల భాషను శ్రద్ధగా చదివిన మనం, ఇరవయ్యో శతాబ్దపు సామాన్యుడు తన నమ్మకాన్ని రాతలో పెట్టుకున్న ఈ భాషను కూడా చదవాలి. కాగితాల స్థానంలో కంప్యూటర్లు వచ్చి, పాత దస్త్రాలు చెత్తలో కలిసిపోతున్న ఈ కాలంలో వాటిని సేకరించి భద్రపరచడం తక్షణావసరం. సుబ్బయ్య భయాన్ని మనకు నవల అందించింది. ఆ భయం నుంచి బయటపడినవారి చరిత్ర ఈ దస్త్రాల్లో ఉంది.